ఆసుపత్రి కట్టుటకు ముందు
(ఆండిపట్టిలో జరిగిన ఉగాది సభలో చదివిన ప్రసంగము)

ఉగాది పచ్చడి తిని హాయిగా కూర్చున్నవారికి సర్కారు అనుమతుల సంగతి చెప్పబోవుట కొంచెము చేదుగానే వుండును. అయినను వేపపువ్వు లేని పచ్చడి ఎవరును పెట్టరు గనుక ఓర్చుకొని వినవలెనని ప్రార్థన.

గత సంవత్సరము ఇదే పందిట్లో మన సంఘము ఒక తీర్మానము చేసినది మీకందరికి జ్ఞాపకము వున్నది. ఆండిపట్టిలో మన తెలుగువారి పేర పది పడకల ఆసుపత్రి ఒకటి కట్టవలెనని ఆ తీర్మానము. అక్కడికక్కడే చందాలు పలికినారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక అవ్వ లేచి వచ్చి తన చేతి గాజు ఒకటి తీసి తాంబూలపు పళ్ళెములో పెట్టినది. ఆ గాజు ఇప్పటికిని కోశాధికారిగారి వద్ద భద్రముగా వున్నది. దానికి సమాధానము చెప్పవలసిన భారము మా మీద పడినందుననే ఈనాడు ఈ ప్రసంగము.

ఏయే అనుమతులు కావలెనో కనుగొని రండని ముగ్గురము గల ఉపసంఘమును వేసినారు. రైల్వే ఆఫీసులో దినమంతయు ఫైళ్ళు త్రిప్పువారము గనుక కాగితములు మాకు అలవాటని మమ్ములను అందులో చేర్చినారు. మేము మెట్రిక్యులేషను మించి చదివినవారము కాము. చట్టము చదివిన వకీళ్ళు సభలో వుంటే మా తప్పులు దిద్దగలరు.

మాకు తెలిసినది రైలు. గనుక రైలు సంగతి చెప్పి ఆసుపత్రి దగ్గరకు వస్తాము.

మదురై – బోడినాయకనూరు మీటరు గేజి లైను 2010 సంవత్సరాంతమున మూతపడినది. పెద్ద గేజికి మార్చే పని ఏండ్ల తరబడి సాగినది. ఆండిపట్టి కణవాయి దగ్గర కొండను తొలిచి పట్టాలు వేసి, ఉసిలంపట్టి నుంచి మన ఊరికి వచ్చిన 21 కిలోమీటర్ల ముక్కను 2020 డిసెంబరులో తనిఖీ చేసినారు. ప్రయాణికుల బండి మాత్రము 2022 మే 26న గాని రాలేదు. నడుమ వున్న కాలములో మేము వీథిలో నడిస్తే చాలు, “పట్టాలు పడినవి గదా నాయనా, బండి ఎందుకు రాదు?” అని పిల్లలు మొదలు ముసలివారి వరకు నిలదీసేవారు. ఆలస్యమునకు కారణములు చాలా వుండును గాని, ఒక కారణము మాత్రము మేము గర్వముగానే చెప్పినాము. కొత్త లైను మీద ప్రయాణికులను ఎక్కించుకోవలెనంటే రైల్వే భద్రతా కమిషనరుగారు వచ్చి, వంతెనలు చూచి, బండిని వేగముగా పరుగెత్తించి చూచి, సరే అనవలెను. ఈ కమిషనరుగారు రైల్వే శాఖ కింద వుండరు. విమానయాన శాఖ కింద వుంటారు. వంట చేసినవాడే రుచి చూచి బాగున్నదని చెప్పుకొనకుండ ఈ ఏర్పాటు చేసినారు.

అనుమతులలో ఇది ఒక జాతి. “ఇది క్షేమమా?” అని అడుగునది.

రెండవ జాతి వేరు. అది “ఇది అవసరమా?” అని అడుగును. లైను వేయక మునుపే సర్వే చేసి, ఎందరు ఎక్కుతారు, ఎంత సరుకు పోతుంది, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని లెక్క కట్టుదురు. ఈ లెక్క ఎంత అస్థిరమైనదో మన లైనే సాక్ష్యము. 1928లో మొదలైన ఈ లైను పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఇనుము కావలెనని పీకుకొని పోయినారు. యుద్ధము ముగిసిన కొన్నేండ్లకు మళ్ళీ వేసినారు. ఊరు అదే, జనము వారే, ఏలక్కాయ మూటలు అవే. లెక్క వేసిన చోటు మాత్రము వేరు.

ఈ రెండు ప్రశ్నలను కలిపి మాట్లాడుట వల్లనే ఆసుపత్రి అనుమతుల విషయములో చాలా కోపము, చాలా గందరగోళము పుట్టుచున్నదని మాకు తోచినది. ఒక్కొక్కటిగా చూతము.

పది పడకల ఆసుపత్రికి మన రాష్ట్రములో కావలసిన కాగితములు ఇవి. కట్టడపు నమూనాకు స్థానిక సంస్థల అనుమతి. అగ్నిమాపక శాఖవారి పత్రము. కాలుష్య నియంత్రణ మండలివారి సమ్మతి. దానితోబాటు రక్తపు దూది, సూదులు, మందు సీసాలు మొదలగు ఆసుపత్రి వ్యర్థములను పసుపు, ఎరుపు, తెలుపు, నీలము రంగుల ప్రకారము వేరుచేసి, సాధారణముగా 48 గంటలు మించకుండ పంపివేయు ఏర్పాటు. ఎక్స్‌రే యంత్రము పెట్టితే బొంబాయిలోని అణుశక్తి నియంత్రణ మండలి వారి లైసెన్సు. మందుల అంగడికి వేరొక లైసెన్సు. లిఫ్టుకు ఒకటి. వీటన్నిటికి పైన తమిళనాడు వైద్య సంస్థల నియంత్రణ చట్టము క్రింద జిల్లా ఆరోగ్య సేవల జాయింటు డైరెక్టరుగారి వద్ద నమోదు. ఈ చట్టము 1997లో చేసినది. దానికి నియమావళి వచ్చినది 2018లో. నడుమ 21 సంవత్సరములు చట్టము వున్నది, నడిపే దారి లేదు. మన లైను 11 ఏండ్లకే వచ్చినదని ఇప్పుడు మీరు మమ్ములను మెచ్చుకోవచ్చును.

ఈ జాబితా చూడగానే ఒక మధ్యవర్తి మా ఇంటికి వచ్చి, అన్ని కాగితములు తానే తెచ్చి ఇస్తానని, మీరు సంతకము పెట్టితే చాలునని, ఒక మొత్తము చెప్పినాడు. ఆ మొత్తము ఈ సభలో చెప్పము. చెప్పితే అవ్వ తన గాజు తిరిగి అడుగును. కాఫీ ఇచ్చి పంపినాము.

అయితే కాగితములు ఎక్కువని సణుగుకొనే ముందు ఒక మాట. 2024 డిసెంబరు 12వ తేదీ రాత్రి దిండుగల్లులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నిప్పు అంటుకొని ఆరుగురు చనిపోయినారు. లిఫ్టులో చిక్కుకొన్నవారు అందులో వున్నారు. వ్యాధి నయము కావలెనని వచ్చినవారు, వారిని చూడవచ్చినవారు. 2011 డిసెంబరు 9న కలకత్తాలోని పేరుపొందిన ఒక ఆసుపత్రిలో ఇట్లే సుమారు 90 మంది పొగకు బలియైనారు. మా మేనత్తను కొన్నేండ్ల క్రితము వేరొక ఊరిలో ఒక నర్సింగుహోములో చేర్చినాము. మూడవ అంతస్తు. ఒకే మెట్ల దారి, అదియును ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఆనుకోవలసినంత ఇరుకు. రాత్రి కరెంటు పోయి, జనరేటరు పలుకక, ఆమెకు పెట్టిన యంత్రము ఆగిపోతే, ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చోబెట్టి మేమును మా చిన్నాయన కొడుకును చీకట్లో మెట్లు దింపినాము. ఆమె బ్రతికినది. ఆ మెట్లను ఎవరు చూచి సరే అన్నారో, అసలు ఎవరైనా చూచినారో లేదో మేము అడుగలేదు. అడుగవలెనని ఆనాడు మాకు తెలియదు. అందువల్ల మొదటి జాతి కాగితముల విషయములో మా మనవి ఒక్కటే: ఒక్కటి కూడ తగ్గించవద్దు.

స్కాను యంత్రము సంగతియును అట్టిదే. గర్భములోని శిశువు ఆడో మగో చెప్పరాదని 1994లో చట్టము వచ్చినది. నమోదు లేనిదే ఆ యంత్రము పెట్టరాదు. పత్రము అందరికి కనబడేటట్లు గోడకు తగిలించవలెను. మన పక్క తాలూకా ఉసిలంపట్టి పేరు ఆడశిశువుల హత్యల విషయమై 1980లలో దేశమంతయు ఎట్లు పత్రికల కెక్కినదో ఇక్కడి పెద్దలకు తెలియును. అది ఒక్క కులము, ఒక్క ఊరి పాపమని తప్పించుకొనుటకు వీలు లేదు. మన వీథులలో కూడ “ఇంకొక ఆడపిల్లా?” అన్న పెదవివిరుపు మేము విన్నాము. ఆ యంత్రము మీద సర్కారు కన్ను వుండుట మంచిదే.

ఇన్ని ఆఫీసులు చెప్పినాము గదా, ఒక సంగతి గమనించినారా? ఈ పత్రములలో ఒక్కటియును “అయ్యా, ఆండిపట్టిలో ఇంకొక ఆసుపత్రి కావలెనా?” అని అడుగుట లేదు. తలుపు వెడల్పు అడుగును, నీళ్ళ తొట్టి అడుగును, డాక్టరుగారి రిజిస్ట్రేషను అడుగును. కావలెనా అని మాత్రము అడుగదు.

ఆ ప్రశ్న అడిగే చట్టము ప్రపంచములో వున్నది. అది మొదట పుట్టినది అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో, 1964లో. న్యూయార్కు మనకు పరాయిది కాదు! 1984 చివరలో మన ఆండిపట్టి నియోజకవర్గమునకు ఎం.జి.రామచంద్రన్ గారు నిలబడినప్పుడు వారు న్యూయార్కులోని బ్రూక్లిన్ ఆసుపత్రిలో మూత్రపిండము మార్పిడి చేయించుకొని మంచము మీద వున్నారు. ఒక్కనాడు కూడ ప్రచారమునకు రాకుండనే మన తాతలు, నాయనలు వారిని గెలిపించినారు. అట్లు మన ఊరి ఎమ్మెల్యేను బ్రతికించి పంపిన ఆ రాష్ట్రములోనే, కొత్తగా ఆసుపత్రి కట్టవలెనన్నా, పడకలు పెంచవలెనన్నా, ముందుగా ప్రభుత్వమునకు “ఇది అవసరము” అని నిరూపించి ధ్రువపత్రము పొందవలెనన్న నియమము అప్పటికి ఇరువది ఏండ్లుగా నడచుచున్నది.

ఆ నియమము ఎందుకు వచ్చినదనగా, 1950ల చివర మిల్టన్ రోమర్ అను ఆరోగ్యశాస్త్ర పండితుడు ఆసుపత్రుల లెక్కలు తీసి ఒక వింత చూపినాడు. బీమా వున్న జనములో ఎన్ని పడకలు వేస్తే అన్నియును నిండుచున్నవి. వ్యాధులు పెరిగినందున కాదు, పడక వున్నందున. మగ్గము కొన్నవానికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. మన సక్కంపట్టిలో అప్పు చేసి మగ్గము వేసినవాడు పని వున్నా లేకున్నా దానిని ఆడించవలెను. వడ్డీ ఆగదు గదా. లక్షలు పోసి యంత్రము తెచ్చిన ఆసుపత్రి కూడ అంతే. తలనొప్పి అని పోయినవానిని యంత్రములో పడుకోబెట్టనిదే విడువదు. ఆ ఖర్చు కడపట రోగి నెత్తిననే పడును. కనుక కట్టకముందే ఆపవలెనని అమెరికావారు తలచినారు. 1974లో కేంద్ర చట్టము చేసి దాదాపు అన్ని రాష్ట్రములను ఆ దారికి త్రిప్పినారు.

పదమూడేండ్లు తిరుగకుండనే, 1987 నుంచి, కేంద్రము ఆ చట్టమును తీసివేసినది. ఖర్చు తగ్గలేదని ఒక వాదము. ఇంకొక వాదము మాకు మరీ నచ్చినది. కొత్తవాడు అర్జీ పెట్టినప్పుడు, ఆ ఊరిలో అదివరకే వున్న ఆసుపత్రివారు విచారణకు వచ్చి, “అవసరము లేదు, మేమున్నాము” అని ఆక్షేపించవచ్చును. ఇది రైలు కావలెనా అని బస్సుల యజమానులను అడిగినట్లు. అయినను ముప్పదికి పైబడిన రాష్ట్రములు ఏదో ఒక రూపములో ఆ నియమమును నేటికిని వుంచుకొన్నవి. దక్షిణ కరోలినా రాష్ట్రము 2023లో దానిని చాలా మట్టుకు ఎత్తివేసినది. పెద్ద ఆసుపత్రులు సంపన్నుల పేటలకే పరుగెత్తకుండ, పల్లె ఆసుపత్రులు మూతపడకుండ ఈ పత్రము కాపాడునని వుంచుకొన్నవారి మాట. అమెరికాలో డాక్టర్లుగా వున్న తెలుగు బిడ్డలు మన బంధువులలో కూడ వున్నారు. వారు సెలవులకు వచ్చినప్పుడు అడిగి చూడండి, ఇద్దరిలో ఒకరు మంచిదందురు, ఒకరు చెడ్డదందురు.

మన దేశములో ఆసుపత్రికి లేదు గాని, వైద్య కళాశాలకు ఈ పత్రము వున్నది. “అవసర ధ్రువపత్రము” అని చెప్పుకొనవచ్చును. 1999 నియమముల ప్రకారము దానిని రాష్ట్ర ప్రభుత్వము ఇయ్యవలసి వుండినది. రాష్ట్రములో ఎన్ని కళాశాలలు వున్నవి, ఎన్ని సీట్లు, ఎందరు డాక్టర్లు, పల్లెలలో ఎన్ని సర్కారు ఉద్యోగములు ఖాళీగా వున్నవి, రోగులు చాలినంత మంది వున్నారా, ఇవన్నియు ఆ పత్రములో వ్రాయవలసి వుండినది. రేపు కళాశాలవారు చేతులెత్తివేస్తే విద్యార్థుల భారము మేమే వహిస్తామని కూడ రాష్ట్రము పూచీ పడవలసి వుండినది. గుమాస్తా కంటితో చూస్తే ఇంత చక్కని ఫారము అరుదు. పల్లెల ఖాళీలు అడిగినది గదా, అంతకంటె ఏమి కావలెను!

ఆ ఫారమునకు పూర్వము జరిగినది మన తెలుగు దేశపు కథయే. 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అనేక ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ఒక్కసారిగా అనుమతి ఇచ్చినది. హైకోర్టు ఆ అనుమతులను కొట్టివేసినది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు ఆ అక్టోబరులో పదవి విడిచినారు. డొనేషను కళాశాలల మీద దేశమంతయు గగ్గోలు వున్న రోజులవి. అదే సంవత్సరము ఆగస్టు నుంచి, కేంద్రము ముందస్తు అనుమతి లేనిదే ఎవరును వైద్య కళాశాల తెరువరాదని ఆజ్ఞ వచ్చి, 1993లో చట్టమైనది. అడిగే ప్రశ్న మంచిదైనను, అడిగేవాడే సంత పెట్టుకొని కూర్చుంటే ఏమగునో తెలుగువారు అప్పుడే చూచినారు.

గొళ్ళెము ఎక్కువ బిగిస్తే ఏమగునో 2023లో తమిళనాడు చూచినది. ఆ ఆగస్టులో జాతీయ వైద్య కమిషనువారు, ఏ రాష్ట్రములోనైనను 10 లక్షల జనమునకు 100 వైద్య సీట్లు మించితే కొత్త కళాశాలకు అనుమతి లేదన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాడు జనము 7 కోట్ల 21 లక్షలు. అనగా 7,200 సీట్లు. అప్పటికే 11 వేలకు పైబడి వున్నవి. ఇక తలుపు మూసినట్లే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు కూడ ఆ హద్దు దాటినవే. తమిళనాడు ముఖ్యమంత్రిగారు ప్రధానమంత్రిగారికి లేఖ వ్రాసినారు. నవంబరులో కమిషనువారు ఆ నియమమును 2025–26కు వాయిదా వేసినారు.

సీట్లు ఉత్తరాదిన తక్కువ, దక్షిణాదిన ఎక్కువ అన్నమాట నిజమే. అది సర్దవలెనన్న కోరికయును తప్పు కాదు. కాని లెక్క రాష్ట్రమునంతటిని ఒక మూటగా కట్టి వేసినారు. ఆ 2023లోనే తెన్‌కాశి జిల్లాకు ప్రభుత్వ వైద్య కళాశాల లేదు, మయిలాడుతురై జిల్లాకు లేదు. మద్రాసులో సీట్లు ఎక్కువ వున్నవని తెన్‌కాశి రోగికి చెప్పితే అతడు ఏమి చేయును? మా ఆఫీసు భాషలో చెప్పవలెనంటే, ముందు పెట్టెలో ఖాళీ వున్నదని వెనుక పెట్టెలో వ్రేలాడువానికి టిక్కెట్టు నిరాకరించినట్లు.

ఇంకొక నిజము కూడ ఒప్పుకొనవలెను. తేనికి పోయే దారిలో కె.విలక్కు దగ్గర మనకు సర్కారు వైద్య కళాశాల ఆసుపత్రి వున్నది. అది ఏ లెక్క చూచి అక్కడ వచ్చినది? 2002 ఉపయెన్నికలో జయలలితగారు ఆండిపట్టి నుంచి గెలిచి ముఖ్యమంత్రిగా వున్న కాలము అది. ఆమె మన ఎమ్మెల్యే కాకుంటే ఆ కట్టడము కె.విలక్కు కొండ నీడలో లేచేదా అని మాకు సందేహమే. కాని అది వచ్చిన తరువాత వరుసనాడు కొండ ఊళ్ళవారు, బోడి, కంబము వైపు వారు, మనవారు అందరు అక్కడికే పోవుచున్నారు. పూర్వము పాము కరచినా, కాన్పు అడ్డము తిరిగినా కణవాయి దాటి మదురై రాజాజీ ఆసుపత్రికి పోవలసినదే. దారిలోనే ప్రాణము పోయినవారి పేర్లు ఈ సభలో చాలా ఇండ్లలో వున్నవి. కాగితము మీద అవసరము వ్రాయకున్నను అవసరము వుండినది.

మదురైలో ఎయిమ్స్ కథ చూచినారు గదా. 2015 బడ్జెట్టులో తమిళనాడుకు ఒకటి అన్నారు. అయిదు చోట్లు పోటీపడి 2018లో తోప్పూరు ఖాయమైనది. 2019 జనవరి 27న శంకుస్థాపన. విద్యార్థులు 2022లో చేరినారు గాని రామనాథపురములోని వేరొక కళాశాలలో కూర్చుని చదువుకొన్నారు. తోప్పూరులో కట్టడపు పని 2024లో మొదలైనది. ఇన్నేండ్లలో “అవసరమా?” అన్నవాడు ఒక్కడును లేడు. అవసరమని ఒప్పుకొన్నంత మాత్రమున గోడ లేవదని దీనివల్ల తెలియుచున్నది.

ఇక మన పది పడకలు.

సర్కారు అడుగని ప్రశ్న మనమే అడుగవలెనని మేము ముగ్గురము నిశ్చయించుకొన్నాము. నాలుగు ఆదివారములు మన వీథులలో ఇల్లిల్లు తిరిగినాము. “ఈ సంవత్సరము మీ ఇంట్లో వ్యాధి వచ్చినప్పుడు దేనికి కష్టపడినారు?” అని ఒక్కటే అడిగినాము. ఆసుపత్రి కావలెనా అని అడిగితే అందరును కావలెననే అందురు గనుక అట్లు అడుగలేదు.

పడక దొరకలేదని చెప్పినవారు మాకు కనబడలేదు. రాత్రివేళ బండికి 108 వున్నది. 2005లో ఆంధ్రలో మొదలై 2008లో మన రాష్ట్రమునకు వచ్చిన బండి అది. బి.పి., షుగరు మాత్రలు 2021 ఆగస్టు నుంచి సర్కారు పథకము క్రింద ఇంటికే తెచ్చి ఇచ్చుచున్నారు. మరి దేనికి కష్టపడినారు? రోగి లోపల, తోడు వెళ్ళినవారు బయట. ఇదే మాట ఇంటింట విన్నాము. ఒక చెల్లెలు తన భర్తను వార్డులో చేర్చి తొమ్మిది రాత్రులు చెట్టు క్రింద పడుకొన్నదట. స్నానమునకు చోటు లేదు. హోటలు ఇడ్లీలకే తాళి తాకట్టు పెట్టినంత పని అయినదట. మేము ఒక రాత్రి పదకొండు గంటలకు ఒక పెద్ద ఆసుపత్రి బయటకు పోయి చూచినాము. ఏ ఊరిదో చెప్పము. ఏ పెద్దాసుపత్రికి పోయినను దృశ్యము ఇదే. పత్రిక కాగితములు పరచుకొని జనము వరుసగా పడుకొని వున్నారు. ఒక తాత తన చెప్పులను తల క్రింద పెట్టుకొన్నాడు, ఎవరైనా ఎత్తుకొని పోతారని.

మదురై స్టేషను బయటికి వస్తే ఎదురుగా మంగమ్మ సత్రము వున్నది. మా ఉద్యోగరీత్యా ఎన్నో సార్లు దాని ముందర నడచినవారము, ఏనాడును తలయెత్తి చూడలేదు. మదురైని పాలించిన మన తెలుగు రాణి మంగమ్మగారి పేరు దానిది. వచ్చినవారికి నిలువ నీడ ఇచ్చుటయే ఆమె కాలపు ధర్మము. మూడు వందల ఏండ్ల తరువాత మన కష్టము కూడ అదే అయినప్పుడు, పది పడకల ఆసుపత్రికి బదులు రోగుల తోడువారికి ఒక సత్రము కట్టుదమా అన్నది మాలో ఇద్దరి అభిప్రాయము. స్నానపు గదులు, వంటకు పొయ్యిలు, తలుపుకు గడియ. దీనికి కూడ కట్టడపు అనుమతి, అగ్నిమాపక పత్రము కావలెను. అన్నము పెట్టితే ఆహార భద్రతా శాఖవారి నమోదు కావలెను. కాని డాక్టర్ల జీతము, యంత్రముల అప్పు మన నెత్తిన వుండవు. పడక నింపుటకు రోగి కోసము వెతుకవలసిన గతి పట్టదు.

ఉపసంఘములోని మూడవవారు దీనికి ఒప్పుకొనలేదు. వారి మాట కూడ మీకు చెప్పుట న్యాయము. అరవింద కంటి ఆసుపత్రి 1976లో మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో మొదలైనది, డాక్టరు వెంకటస్వామిగారు ఉద్యోగ విరమణ చేసిన తరువాత. ఆనాడు ఎవరైనా అవసరము లెక్క అడిగి, మదురైలో కంటి పడకలు చాలునని త్రిప్పి పంపివుంటే, నేడు ప్రపంచము చూడవచ్చు ఆసుపత్రి వుండునా అని వారి ప్రశ్న. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన ప్రతాపరెడ్డిగారు 1983లో మద్రాసులో అపోలో తెరచినారు. అంతకు మునుపు మన దేశములో కంపెనీగా ఆసుపత్రి నడుపవచ్చునని ఎవరికిని తోచలేదు. అప్పటి లెక్కలలో దానికి గడి కూడ లేదు. మనకు మాత్రము ధైర్యము వుండరాదా అని వారు అడుగుదురు. ఇంకొక మాట అన్నారు, దానికి మా వద్ద జవాబు లేదు. కాన్పు నొప్పులలో వున్న బిడ్డ “అమ్మా” అని తెలుగులో కేకవేస్తే, “వస్తున్నానమ్మా” అని తెలుగులో బదులు వచ్చే ఒక గది ఈ తాలూకాలో వుండవలెనని వారి కోరిక. నాలుగైదు వందల ఏండ్లుగా ఇంటిలో మాత్రము నిలుపుకొన్న భాషకు ఇంటి బయట ఒక్క గది అడుగుట అత్యాశ కాదు.

అయినను వెంకటస్వామిగారి వద్ద చేయి తిరిగిన డాక్టర్లు ఇంట్లోనే వున్నారు. మన వద్ద ఈనాటికి చందా పుస్తకము మాత్రమే వున్నది. డాక్టరు లేని పది పడకలకు అనుమతి వచ్చినను ఏమి లాభము? మన బిడ్డలలో ఎవరైనా చదివి వచ్చి ఇక్కడ కూర్చుంటానంటే ఆనాడు ఈ తీర్మానము మళ్ళీ తీయుదము. అంతవరకు సత్రములో తెలుగు మాటలాడే ఒక మనిషిని కూర్చోబెట్టి, కొత్తగా వచ్చినవారికి వార్డు ఎక్కడ, చీటీ ఎక్కడ అని చెప్పించవచ్చును. మూడవవారికి ఇది చాలదు. చాలదని మాకును తెలియును.

పోయిన వారము అవ్వ ఇంటికి పోయి సంగతి చెప్పినాము. ఆసుపత్రి కాకుంటే గాజు తిరిగి తీసుకొమ్మన్నాము. ఆమె చాలాసేపు మాటలాడలేదు. తరువాత, “మీ తాతను మదురై ఆసుపత్రిలో వేసినప్పుడు నేను స్టేషనులో పండుకొన్నాను నాయనా, పోలీసు లేపితే ఇంకొక చోట పండుకొన్నాను” అన్నది. గాజు సంగతి ఏమియు చెప్పలేదు. మేము మళ్ళీ అడుగలేదు.

వచ్చే ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు భజన మందిరములో సర్వసభ్య సమావేశము జరుగును. చందా ఇచ్చినవారు తప్పక రావలెను. ఆసుపత్రికి అని ఇచ్చిన పైకమును వేరొక పనికి వాడుట వారి సమ్మతి లేక చేయరాదు గనుక, తిరిగి కావలెనన్నవారికి కోశాధికారిగారు అక్కడే చెల్లించెదరు. మేము తెచ్చిన కాగితముల కట్ట, ఇల్లిల్లు తిరిగి వ్రాసుకొన్న నోటుపుస్తకము బల్ల మీద వుంచెదము. చదివి చూడవచ్చును.